ఆపిన స్కాన్‌కు చాయ్ తాగించిన అక్క

మా ఎంఆర్ఐ అక్క పోయింది. నిజాంపేటలో, ఇంట్లోనే, గుండెపోటుతో. ఫోన్ వచ్చేసరికి నేను కొత్తగూడలో మా ఆసుపత్రిలో, ఆమె నేర్పిన పనిలోనే ఉన్నాను. ఏడ్చాను, నిజమే. కానీ ఆమె గురించి చెప్పమంటే మాత్రం నాకు హుషారే వస్తుంది. అంత సంబరంగా ఉద్యోగం చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు మరి.

స్కాన్లు, ఎక్స్‌రేలు తీసే రేడియోగ్రాఫర్ అంటే బటన్ నొక్కే మనిషి అని చాలామంది అనుకుంటారు. అక్క బటన్ దాకా వెళ్లేలోపే సగం పని అయిపోయేది. ఎంఆర్ఐ యంత్రమంటే పెద్ద అయస్కాంతం, ఇనుము దగ్గరికొస్తే లాగేస్తుంది. అందుకే ఒంటి మీది లోహమంతా బయటే ఉండాలి. పుస్తెలతాడు తీయడానికి మనసొప్పని ఆడవాళ్ల కోసం అక్క డ్రాయర్‌లో పసుపుతాళ్లు, పసుపుకొమ్ములు ఉంచేది. ముందు పసుపుతాడు కట్టించి, తర్వాతే పుస్తెలతాడు తీయించేది. ఐటీ కుర్రాళ్లనైతే మాటల్లో పెట్టి చేతి వాచీ నుంచి ఐడీ కార్డు క్లిప్పు దాకా అన్నీ లాగేసుకునేది. "మిషిన్‌కు అడుగుడు రాదు, మనమే అడగాలె" అనేది నాతో.

ఒక మధ్యాహ్నం తెల్లాపూర్‌లో అపార్టుమెంట్లు కట్టేచోటు నుంచి పాలమూరు వెల్డర్ ఒకతను వచ్చాడు. నడుం నొప్పికి డాక్టరు ఎంఆర్ఐ రాశారు. మళ్లీ పనికి పోవాలని తొందరలో ఉన్నాడు. ఒంట్లో ఇనుము గానీ, ఆపరేషన్‌లో వేసిన రాడ్లు గానీ ఉన్నాయా అని నేను అడిగితే ఏమీ లేవన్నాడు. జేబులు దులిపి చూపించాడు. స్కాన్ గది తలుపు దగ్గర అక్క అతన్ని ఏం పని చేస్తావని అడిగింది. వెల్డింగ్ అన్నాడు.

"కండ్లల్ల ఎప్పుడన్న రవ్వలు పడ్డయా తమ్మీ?"

"గవి రోజు పడుతనే ఉంటయి అక్కా. నీళ్లు కొట్టుకుంట, అయిపోతది."

రోజూ జరిగేది కాబట్టి అతనికది లెక్కలోకే రాలేదు. అక్క స్కాన్ ఆపేసింది. ముందు కళ్లకు ఎక్స్‌రే తీయాలంటే అతనికి కోపమొచ్చింది, నొప్పి నడుముకైతే కళ్లకు ఫొటో ఏందని గొణిగాడు. అక్క డాక్టరుతో మాట్లాడి, అతన్ని బుజ్జగించి తీసుకెళ్లింది. తెర మీద కుడి కంటి చోట చిన్న తెల్లటి చుక్క కనిపించింది. ఇనుప రజను. అయస్కాంతం దాన్ని కదిపితే చూపు పోయేదని అక్క చెప్పగానే అతను కుడి కన్ను తడుముకున్నాడు.

"కన్ను పోతే నాకు పని ఎవరిస్తరక్కా?"

"పోలేదు గద. ఇగ ఫికర్ చెయ్యకు."

అతన్ని కంటి డాక్టరు దగ్గరికి పంపి వచ్చి, అక్క కారిడార్‌లోనే చప్పట్లు కొట్టింది. మ్యాచ్ గెలిచినట్టు అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది. స్కాన్ తీయనందుకు విందు చేసుకున్న డిపార్ట్‌మెంట్ మాదొక్కటేనేమో. రజను తీయించుకుని వచ్చాక అతని నడుం స్కాన్ కూడా ఆమే తీసింది. ఇప్పుడు నేను కూడా ఎవరొచ్చినా ముందు వాళ్ల పని గురించే అడుగుతాను. ఆ అడగడంలో ఎంత సంతోషముందో ఆమె వల్లే నాకు తెలిసింది.

దశదిన కర్మకు ఆ వెల్డర్ వచ్చాడు. భోజనాల వైపు వెళ్లలేదు. అక్క ఫొటో ముందు నిలబడి, ఎడమ కంటిని అరచేత్తో మూసుకుని, కుడి కంటితో ఆమెను చాలాసేపు చూశాడు.