శేషం నిలబడే చోటు

తెల్లారగానే, మంచినీళ్లైనా ముట్టకముందే, లెక్కల టీచరమ్మ గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని తన తరగతి పిల్లల్ని పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. ఒక్కరినీ వదిలేది కాదు. ఒంట్లో బాగాలేని వాళ్ల పేరు రెండుసార్లు చెప్పేది. ఏ పిల్లనీ చెయ్యెత్తి కొట్టి ఎరగదు. అలాంటి మనిషి చేతుల మీదుగానే జరిగింది ఇదంతా.

భాగహారం ఆమె బోర్డు మీద కాదు, పిల్లలతోనే నేర్పేది. బల్లలు గోడకి జరిపించి నాలుగు చప్పట్లు కొడితే, పిల్లలు నలుగురేసి చేతులు పట్టుకోవాలి. ఎన్ని జట్లయితే అది భాగఫలం. ఎవరి చెయ్యీ దొరకని వాళ్లు బోర్డు పక్కన నిలబడాలి. అది శేషం. ఆ ఏడాది తరగతిలో ఇరవైనలుగురే. రెండు కొట్టినా, మూడు కొట్టినా, నాలుగు కొట్టినా అందరూ సర్దుకుపోయేవాళ్లు. ఐదు కొడితే ఏకంగా నలుగురు మిగిలి గోలగోల చేసేవాళ్లు. శేషమంటే ఇదీ అని చూపించడానికి ఒక్క మనిషి లేక టీచరమ్మ తెగ ఇబ్బంది పడింది. అంతలో ఏడాది మధ్యలో దర్జీ కూతురొచ్చి చేరింది. దేవుడే పంపాడనుకుంది టీచరమ్మ.

కొత్త పిల్ల చెయ్యి ఎవరు పట్టుకుంటారు? రోజూ ఆ పిల్లే బోర్డు పక్కన. "ఆరు జట్లు, ఒకటి శేషం" అని తరగతంతా గొంతు కలిపి పాడేది. లెక్క ఇట్టే పట్టుబడింది. వీధిలో కూడా ఆ పిల్ల పేరు శేషమే అయింది.

ఒకరోజు ఆ పిల్ల టీచరమ్మ దగ్గరికొచ్చి, "టీచర్, ఇవాళ ఐదు కొట్టరూ?" అనడిగింది.

"ఐదుకి ఎవరూ మిగలరు కదే పిచ్చితల్లీ. ఇక నేర్చుకునేదేముంది?" అని బుగ్గ నిమిరి, టీచరమ్మ నాలుగే కొట్టింది.

మర్నాటి నుంచి పిల్ల రాలేదు. అలవాటు కొద్దీ నాలుగు చప్పట్లు కొడితే ఆరు జట్లు చక్కగా కుదిరాయి. పాలాయన కూతురు సంబరంగా చెప్పింది: "శేషం పోయింది టీచర్. లెక్క సరిపోయింది."

తరగతంతా నవ్వింది. టీచరమ్మ ఏం చేస్తోందో తెలియకుండానే ఐదు కొట్టింది. నలుగురు మిగిలారు. బోర్డు దగ్గరికి రమ్మంటే ఒక్కరూ కదల్లేదు. ఆ నలుగురిలో ఉన్న పాలాయన కూతురు పక్క జట్టులోని పిల్లని జుట్టు పట్టి అవతలికి లాగి, ఆ చోట్లో తను దూరింది.

సాయంత్రం టీచరమ్మ దర్జీ కొట్టుకి వెళ్లింది. ఆయన మిషన్ ఆపి, తన కుర్చీ ఇచ్చి, మంచినీళ్లు తెప్పించాడు. పిల్ల ఇక బడికి రానంటోందని, పనిలో పెట్టుకున్నానని మెల్లగా చెప్పాడు. పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. పిల్ల కింద కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది.

"రేపు ఐదు కొడతాను తల్లీ. నువ్వు లేకపోతే నలుగురు మిగిలిపోతున్నారు," అంది టీచరమ్మ.

"మిగలనీయండి," అంది పిల్ల తలెత్తకుండా, పంటితో దారం తెంపి.

దర్జీ కూతుర్ని కసరబోయాడు. టీచరమ్మ ఆయన్ని వారించి, కుర్చీలోంచి లేచి పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. పొద్దుటి ప్రార్థనలో ఈ పిల్ల పేరు ఎప్పుడూ అందరికన్నా చివరే వచ్చేదని అప్పుడు గుర్తొచ్చింది.

"నాకొక్క సాయం చేసిపెట్టు," అంది. "రేపొచ్చి చప్పట్లు నువ్వు కొట్టు. నీకెన్ని కొట్టాలనిపిస్తే అన్ని. పిల్లల్లో నీ చోట నేను నిలబడతాను."