సినిమాలోంచి తీసేసిన వన్స్ మోర్

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూంలో ఒకావిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాటకాన్ని ఎట్ల షూట్ చేస్తరో చూపిస్తా అని సినిమా తీసినోడివి నువ్వే గదా? అందుల పద్యం పాడింది మా ఆయన."

నమస్కారం పెట్టాను. ఆమె పెట్టలేదు.

"ఎవ్వరూ అడగకున్నా పాడిందే పాడుతుండని సినిమా చూసి జనం నవ్విన్రు. ఈయనేమో ఎవరో వన్స్ మోర్ అన్నరంటడు. చెవుల డాక్టరుకు సుత చూపించినం. ఎవరన్న అన్నరా, లేదా? సక్కగ చెప్పు."

పద్యనాటకంలో జనం వన్స్ మోర్ అంటేనే నటుడు పద్యం మళ్లీ అందుకుంటాడు. షూటింగ్ రోజు హాల్లో జనం లేరు. ఇంకో టేక్ కావాలని వెనక వరుస చీకట్లోంచి వన్స్ మోర్ అని అరిచింది నేనే. ఆయన సంతోషంగా మొక్కి మళ్లీ పాడాడు. ఎడిటింగ్‌లో రెండుసార్లు పాడిందీ ఉంచి, వింతగా ఉంటుందని నా అరుపు మాత్రం తీసేశాను.

"గుర్తులేదమ్మా," అన్నాను.

"పైసకు పనికిరాని సినిమా, పైసకు పనికిరాని మనిషివి," అని ఆమె వెనక్కి తిరిగి, గోడ పక్కన కూర్చున్న భర్తతో గట్టిగా అంది: "విన్నవా? ఎవ్వరూ అనలేదంట. ఇంకనన్న ఒప్పుకో."

ఆయన శ్రమ ఇచ్చినందుకు క్షమించమన్నట్టు నాకు చేతులు జోడించాడు.