ఉంగరానికి చుట్టిన పేలిక

నేను దయ్యాలను నమ్మేదాన్ని కాదు. ఫిల్మ్‌నగర్ బస్తీల ఉన్నోళ్లకు ఆ భయం ఉండదు. సినిమాల దయ్యం వేషమేసే ఆడామె మా గల్లీలనే ఉండేది. షూటింగు నుంచి మొకం మీది తెల్ల రంగు కడుక్కోకుండనే వచ్చి, నల్లా కాడ నాతోటి బిందె కోసం కొట్లాడేది. "దయ్యానివైతే గాల్లకెల్లి తెచ్చుకోపోవే నీళ్లు, లైన్ల నిలవడుడెందుకు?" అనేదాన్ని. గసొంటి దాన్ని నేను.

నాకు రాయరాదు. సంతకం పెడత, బస్సు మీద నంబరు చదువుత, అంతే. నేను చెప్తుంటె మా బిడ్డ సరిత రాస్తున్నది. జరిగింది జరిగినట్టే చెప్త.

మా ఆయన డబ్బింగ్ థియేటర్ల ఎఫెక్ట్స్ పని చేసేటోడు. సినిమాల మీరు వినే నడక చప్పుడు, తలుపు చప్పుడు, గుర్రం చప్పుడు గసొంటోళ్లే చేస్తరు. కొబ్బరి చిప్పలు కొడితే గుర్రం. గుడ్డ దులిపితే పావురం. అన్నిట్ల మా ఆయన సముద్రానికి పేరు. పెద్ద రేకు తాంబాళంల జొన్నలు పోసుకొని, మైకు ముందల ఈ పక్కకెల్లి ఆ పక్కకు నిమ్మళంగ వంచేటోడు. గింజలు జారుతుంటె అల వచ్చి పోయినట్టే వినొచ్చేది. షేక్‌పేటల పుట్టిన మనిషి. సముద్రాన్ని కండ్లతోని ఎన్నడు చూడలే.

ఒక్కటే తంటా. కుడిచేతి వేలికి వెండి ఉంగరం ఉండె. వేలు లావై, సబ్బు పెట్టినా రాకుండైంది. తాంబాళం వంచినప్పుడల్లా, అల పోయే కాడ, అది రేకుకు తగిలి టిక్కుమనేది. రికార్డిస్టు సారు అద్దం ఎనకకెల్లి, "ఏమయ్యా మల్లేశం, నీ సముద్రానికి గడియారం కూడా ఉందా?" అని కసిరేటోడంట.

అందుకని పొద్దుగాల పనికి పోయే ముందు నేను ఆ ఉంగరానికి గుడ్డపేలిక చుట్టేదాన్ని. ఎడమచేత్తోని ఆయనకు ముడి పడకపోయేది. గడప కాడ నిలవడి చెయ్యి చాపేటోడు. రెండు చుట్లు చుట్టి, ముడేసి, మిగిలిన కొస పండ్లతోని కొరికేదాన్ని. మా ఇద్దరికి మాటలు తక్కువ. మా ముచ్చటంత ఆ ముడిలనే అయిపోయేది.

సరితకు ఆరేండ్లు ఉన్నప్పుడు, ఎండాకాలం సెలవులకు సముద్రానికి తీస్కపోతనన్నడు. రెండేండ్ల సంది అనుకుంటనే ఉన్నడు. ఆ ఏడు బట్టలు సుత సంచిల పెట్టిన. తెల్లారితే ప్రయాణం అనంగ, రీళ్లు అర్జెంటుగ కావాలంటున్నరు, వారం ఆగుదమన్నడు.

నాకు మండింది. "జీవితమంత మాకు జొన్నల సముద్రమే చూపెట్టు" అన్న.

"వారమే గదనే" అని గడప కాడ చెయ్యి చాపిండు.

నేను పొయ్యి దిక్కు తిరిగి కూసున్న. ఆ చెయ్యి జరసేపు గట్లనే ఉన్నది. చూడలేదు గని నాకు ఎరుకైంది. తర్వాత చెప్పుల చప్పుడు దూరమైంది.

ఆ పగటీలే థియేటర్ల ఛాతి పట్టుకొని కూలవడ్డడు. నేను పోయేసరికి అయిపోయింది. సబ్బు పెట్టినా రాని ఉంగరం ఆ రోజు నా చేతులకు ఊకెనే ఊడొచ్చింది.

దినాలయినంక రికార్డిస్టు సారు ఇంటికి వచ్చిండు. మంచోడే, ఏడ్చిండు సుత. "ఆ రోజంతా టిక్కు టిక్కుమని పడిందమ్మా. ఏంటయ్యా అంటే, ఇవాళ ఇంట్లో కట్టలేదు సార్ అన్నాడు. మళ్లీ చేయించడానికి మనిషి లేడు కదా, అలాగే ఉంచేశాం" అన్నడు.

ఇంట్ల కట్టలేదు. ఆ ఒక్క మాట నన్ను తిన్నది. నా మీద కోపంతోనే అన్నడా, నవ్వుకుంట అన్నడా? సారును అడుగుదమంటె నోరు రాలే. ఆ సినిమాకు మూడుసార్లు పోయిన, ఆ చప్పుడన్న విందమని. సముద్రం వచ్చే కాడ పాట పెట్టిన్రు. ఏం వినరాలే.

ఏడాది ఎల్లేదాంక నేను ఊరు దాటొద్దన్నరు, దాటలే. సంవత్సరీకం అయినంక, మోతీనగర్ల ఉండే మా తమ్ముడు యాదగిరి వచ్చి, "అక్కా, పోరి మొకం చూడలేకపోతున్న. బావ ఇచ్చిన మాట మనమన్న తీరుద్దం" అన్నడు. వాడు, వాని పెండ్లాం, నేను, సరిత. బాపట్ల కాడ రైలు దిగి ఆటోల సముద్రం కాడికి పోయినం. ఎండ అప్పటికే కొడుతుండె.

తమ్ముడు, మరదలు చేతులు పట్టుకొని నీళ్లలకు ఉరికిన్రు. సరిత ఎనకనే ఉరికింది. నేను నలుగురి చెప్పులు, పులిహోర డబ్బా ముందల పెట్టుకొని ఇసుకల కూసున్న. చుట్టు మంది. తల్లులు, తండ్రులు, పిల్లల అరుపులు. అంత మందిల నా పక్కన జాగ మాత్రం ఖాళీగ ఉన్నది.

అల వచ్చింది. పోయింది. పోయే కాడ టిక్కుమన్నది.

చెవులల్ల గాలి అనుకున్న. మళ్లొక అల. వచ్చింది, పోయింది, టిక్కు. నా కొంగు ముడిల ఇంటి తాళంచెవి, ఆయన ఉంగరం ఉన్నయి. అవే కొట్టుకుంటున్నయేమో అని ముడి గట్టిగ పిడికిట్ల పట్టుకున్న. ఆగలే. తాళంచెవి తీసి ఇసుకల పెట్టిన. ఆగలే. చేతికి గాజులు లేవు నాకు.

తమ్ముడు నీళ్లు తాగుదమని వచ్చిండు. "ఏందక్కా గట్లున్నవ్?" అన్నడు. వినుమన్న. విన్నడు. "ఏదన్న పడవకు గొలుసు కట్టిన్రేమో" అని ఇటు కొంత దూరం, అటు కొంత దూరం నడిచి చూసొచ్చిండు. ఆ దగ్గరల పడవ లేదు, గొలుసు లేదు. వాడు వచ్చి డబ్బా పక్కన కూసున్నడు.

అప్పుడే సరిత తడి గౌనుతోని వచ్చింది. నేనేం అడగలే. "అమ్మా, నాయిన ఉంగరం" అన్నది. అని మళ్లీ నీళ్లలకు ఉరికింది. ఇప్పుడు గిది రాస్తుంటె అడిగిన. నాకు యాదికి లేదమ్మా అంటున్నది.

నాకు భయం కాలే. ఏం చేస్తున్ననో సుత చూసుకోలే. చీర అంచు పండ్లతోని చింపిన, ఉంగరం బయటికి తీసి రెండు చుట్లు చుట్టిన, ముడేసిన, కొస కొరికిన. చేతులే చేసినయి.

అల వచ్చింది. పోయింది.

చప్పుడు లేదు. ఇంకొకటి వచ్చింది. దానికీ లేదు. ఉత్త నీళ్ల చప్పుడు, సాఫ్‌గ, సారు ఓకే చెప్పేటట్టు.

అప్పుడు భయమైంది. ఎందుకు కట్టిన? జరసేపు ఆగితే ఏం పోయేది? గబగబ పేలిక విప్పిన. పొద్దు వంగేదాంక ఆడనే కూసున్న. మా మరదలు పులిహోర చేతిల పెడితే చేతిలనే ఉన్నది. వినరాలే. తర్వాత ఎన్నడు వినరాలే.

ఆయన చెయ్యి చాపిండా, నేను కడితే పనికి పోయిండా? నన్ను మాఫ్ చేసిండా? లేకుంటె అది మాకు కానరాని ఏదో గొలుసేనా? ఇన్నేండ్లయినా నాకు తెల్వది. చదువుకున్నోళ్లను అడిగిన, వాళ్లకూ తెల్వది.

దయ్యాలను నమ్ముతవా అంటె, నమ్మను అనే చెప్త. గని పొద్దుగాల లేవంగనే పేలిక విప్పి, ఉత్త ఉంగరాన్ని గడప కాడ పెడత, టిక్కుమంటదేమో అని. మాపటికి నేనే మళ్లీ చుడత.