ఉమ్మడి కాటాకు రెండు అడ్రసులు

2023లో నేను కర్నూలులో ఒక చిన్న నెట్‌వర్కింగ్ సంస్థలో పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం మా పని. ప్రతి యంత్రం దగ్గరికీ పోయి సెట్టింగులు మార్చే బాధ లేకుండా నేనొక టూల్ రాశాను. అందులో ఒక్కో యంత్రానికి ఒక్కో గడి. ఆ గడిలో ఐపీ అడ్రస్ రాస్తే టూలే దాన్ని యంత్రంలో పెట్టేది. ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో యంత్రానికి ఇచ్చే ఇంటి నంబరు లాంటిది. రోజూ పొద్దున టూల్ అన్ని యంత్రాలనూ సరిచూసి, గడిలో లేని నంబరు ఏదైనా కనబడితే తుడిచేసేది. ఆ కట్టుబాటు నాకు ఇష్టం.

కడపలో మా సంస్థ శాఖ తెరవబోతున్న రోజులవి. ఇన్‌ఛార్జిగా నన్నే పంపుతారనుకున్నాను. నా తర్వాత చేరిన షఫీ పేరు కూడా ఓనరు మనసులో ఉందని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. షఫీ వాళ్ళ తాత ఒకప్పుడు కోయిలకుంట్లలో మా కుటుంబానికి ఉన్న పత్తి జిన్నింగ్ మిల్లులో లారీ నడిపేవాడు. ఆ మిల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో వేరేవాళ్ళ కళ్యాణ మండపం ఉంది. షఫీ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే కోపగించుకోవడానికి నాకొక కారణమైనా దొరికేది. అతను లోపలికి వస్తే ఆఫీసంతా కళకళలాడేది. నేను వస్తే అందరూ సర్దుకుని కూర్చునేవారు.

అప్పుడే ఓర్వకల్లు దగ్గరి ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. ఓనరు మా ఇద్దరినీ పిలిచి, "ఇద్దరూ పోండప్పా. దీన్ని ఎవరు తేలిస్తే కడప వాళ్ళది" అన్నాడు.

ఫ్యాక్టరీ ఓబులేసు, మద్దిలేటి అనే అన్నదమ్ములది. భాగాలు పంచుకుని ఆవరణకు అడ్డంగా గోడ కట్టుకున్నారు. ఆఫీసులు రెండు, నెట్‌వర్కులు రెండు. గేటు దగ్గర లారీలు తూచే కాటా మాత్రం ఉమ్మడిగా మిగిలింది. కాటా కంప్యూటరుకు మా టూల్ ఇచ్చిన అన్న నెట్‌వర్క్ అడ్రస్ ఒక్కటే ఉంది. తమ్ముడి లారీ తూగితే బరువెంతో తెలుసుకోవడానికి అన్న గుమస్తాను అడగాలి.

"నా బండి బరువు నాకు చెప్పేదానికి వాని గుమస్తా ఆవులిస్తాడు సార్" అన్నాడు మద్దిలేటి.

ఒకే యంత్రానికి రెండు అడ్రసులు ఇవ్వవచ్చు. అప్పుడది రెండు నెట్‌వర్కుల్లోనూ పలుకుతుంది. షఫీ చూస్తుండగా నేను కాటా దగ్గర కూర్చుని రెండో అడ్రస్‌ను చేత్తో పెట్టి, రెండు ఆఫీసుల్లోనూ బరువు చూపించి వచ్చాను. మరునాడు పొద్దున్నే మద్దిలేటి ఫోను.

"నిన్న కనపడతాండె. ఈ పొద్దు లేదు. మాయన్న పీకిపిచ్చినాడు గదా?"

పీకింది నా టూలే. గడిలో ఒకే నంబరు ఉంది కాబట్టి రెండోదాన్ని తుడిచేసింది. ఓనరు నన్నొక మాట అడగకుండా ఆ టూల్‌ను షఫీ చేతికిచ్చాడు. సాయంత్రానికల్లా షఫీ నా గడి పక్కన ఒక ప్లస్ గుర్తు పెట్టాడు. అది నొక్కితే కింద ఇంకొక గడి తెరుచుకుంటుంది, ఎన్ని కావాలంటే అన్ని. ఇక తుడిచేయడం ఉండదు. పని శుభ్రంగా ఉంది. నేను తప్పు కోసం ప్రతి వరుసా వెతికాను, దొరకలేదు. ఓనరు అతని భుజం తట్టాడు. నేను నా బల్ల దగ్గరే ఉండిపోయాను.

మళ్ళీ ఇద్దరం వెళ్ళి కాటా గదిలో అన్నదమ్ములకు తెర చూపించాం. మద్దిలేటి ముఖం మాడింది.

"నా నంబరు కింద ఎందుకుండాది?"

"వరుస ఏదైనా పని ఒకటేనన్నా" అని షఫీ నవ్వి, పైది కిందికి మార్చాడు.

"ఏమప్పా, పెద్దోన్ని నేను. వాని కింద నా నంబరా?" ఓబులేసు లేచి నిలబడ్డాడు. "తీసెయ్ రెండూ!"

"తీసెయ్! రేపే నా పక్క ఇంకో కాటా తవ్విస్తా!" అన్నాడు మద్దిలేటి.

షఫీ ఎంత చెప్పినా ఇద్దరూ వినలేదు. అతని నవ్వు ఎవరి మీదా పనిచేయకపోవడం మొదటిసారి చూశాను. నాకు సంతోషం కలిగింది. కానీ ఆ గొడవ నాకు కొత్త కాదు. మా వైపు భాగాలప్పుడు పెద్దవాడు పంచుతాడు, చిన్నవాడు ముందుగా ఏరుకుంటాడు. మా ఇంట్లో పంచిందీ పెదనాన్నే, ఏరుకున్నదీ పెదనాన్నే. మిల్లు పోవడం అక్కడే మొదలైంది.

షఫీని లేవమని, ఆ కుర్చీలో కూర్చుని రెండు గడులనూ పక్కపక్కకు తెచ్చాను.

"పైనా లేదు, కిందా లేదు. ఓబులేసన్నా, గడులు నువ్వు కొలిచి పంచు. మద్దిలేటన్నా, ముందు నువ్వు ఏరుకో."

ఓబులేసు జేబులోంచి బండలు కొలిచే టేపు తీసి నిజంగానే తెర మీద పెట్టాడు. "ఎడమది రవ్వంత వెడల్పుండాది. తగ్గించు" అన్నాడు. తగ్గించాను. మద్దిలేటి రెండు గడులనూ మార్చి మార్చి చూసి, "కుడిపక్క నాది" అన్నాడు. కుడి శుభమని అతని లెక్క.

ఓబులేసు నా చెవి దగ్గరికి వంగాడు. "చదివేటోడు ఎడమనుంచే గదా మొదలుపెట్టేది."

అప్పుడే గేటులోకి వచ్చిన లారీ బరువు రెండు ఆఫీసుల్లోనూ ఒకేసారి కనబడింది.

కడపకు షఫీనే పంపారు. "ఆడ నలుగురితో కలిసిపోయే మనిషి కావాలప్పా. టూల్ ఈడ నీ చేతిలోనే ఉండాల" అన్నాడు ఓనరు. సరే సార్ అన్నాను. షఫీ వెళ్ళేరోజు ఆఫీసంతా బస్టాండుకు పోయింది, నేను పోలేదు.

ఆ కేసు తర్వాత నేను ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా ముందు తీగల గురించి అడగను. ఆ యంత్రం ఎవరెవరిదో, వాళ్ళ మధ్య పంపకం ఎలా జరిగిందో అడుగుతాను. ఎన్ని అడ్రసులు కావాలో అక్కడే తెలిసిపోతుంది.

మొన్న షఫీ కడప నుంచి ఫోను చేశాడు. "అన్నా, ఈడ ఒక నూనె మిల్లులో ముగ్గురన్నదమ్ములుండారు. నడిమి గడి ఎవరికియ్యాల?"

ఇన్‌ఛార్జివి నువ్వు కదా అని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరు పంచినారో ముందు కనుక్కో" అని ఫోను పెట్టేశాను.