ఒక్క ఆదివారం అక్కను పడవ ఎక్కించడానికి

మా అక్క కోటిపల్లి మందిరానికి రావడం మానేసి ఏడాది అయిందని అక్కడి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. ఇసుకలో నా చేత అక్షరాలు దిద్దించింది, లేఖనం చేతికిచ్చి చదవమన్నది అక్కే. ఎక్కడ సువార్త ప్రసంగించినా, పాట ఎత్తుకునే వేళ నా చెవి ఆమె గొంతునే వెతుకుతుంది. అటువంటి మనిషి ప్రభువు బల్లకు దూరంగా ఉండడమా? వెళ్లి కనుక్కోవాలని బయలుదేరాను.

శనివారం వేకువనే రాజమహేంద్రవరంలో జట్కా ఎక్కాను. గోదావరిలో రైలు వంతెన స్తంభాలు లేస్తున్నాయి. ధవళేశ్వరం లాకుల దగ్గర ప్రయాణికుల పడవ సూర్యోదయానికి కదులుతుంది. మనిషికి మూడణాలు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తుతారు, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతారు. దారిలో లాకు వచ్చిన ప్రతిసారీ నీళ్లు సమమయ్యేదాకా పడవ ఆగాలి. అక్కడే గట్టు మీద కూర్చుని చద్దన్నం తినేయడం మంచిది.

పడవ నడిపే సరంగు మా వాళ్లను ఎరిగినవాడే. "మీ బావగారికి వణుకు ముదిరిందండి," అన్నాడు. "అమ్మగారు గట్టు దాకా కూడా రాలేకపోతన్నారు. ఆదివారం పొద్దున్న మా పడవలో మీ మందిరంవాళ్లు పాడుకుంటా వెళ్తారా, ఆవిడ గుమ్మంలో నిలబడి వింటారు. మలుపు తిరిగేదాకా అక్కడే ఉంటారండి."

ఆ మాట విన్న తరువాత నాకు దారి పొడుగునా మరేమీ తోచలేదు.

మధ్యాహ్నానికి అక్క ఊరు చేరాను. ఇల్లు కాలువ గట్టు పక్కనే. బావ నేతగాడు. ఆయన మగ్గం గోతి మీద ఇప్పుడు బల్లలు పరిచి ఉన్నాయి. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం కొయ్యలా బిగిసిపోయింది. కుడిచేతి బొటనవేలు తక్కిన వేళ్ల మీద ఆడుతూనే ఉంది, లేని దారాన్ని పురిపెడుతున్నట్టు. ఇది నయమయ్యే రోగం కాదని ఆసుపత్రి దొర ఎప్పుడో చెప్పాడు.

"ఏరా, ప్రసంగీకుడా," అన్నాడు. దగ్గరికి వంగితే తప్ప ఆ గొంతు వినిపించదు. "ప్రసంగంలో నీ చెయ్యి ఎక్కువ ఊగుద్దా, ఈ వణుకులో నాదా?"

"నీదే బావా. ఓడిపోయాను."

అక్క నీళ్ల బిందెతో వచ్చింది. సగమైపోయింది మనిషి. నేను గొంతు సవరించుకుని, "సంఘమంతా మీకోసం ప్రార్థిస్తోందక్కా," అన్నాను.

"అంతమంది ప్రార్థిస్తన్నారు, సంతోషం. ఒక్కళ్లొచ్చి ఈయన దగ్గర ఓ రోజు కూచుంటే నేనూ వెళ్లి ప్రార్థించుకుందును కదరా," అంది. ఆ మాటలో కోపం లేదు. "అందరి మధ్యా కూచుని పాడాలనుందిరా. అంతే."

పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందుకు దింపారని వీధి వీధిలో కేకలు వేసి చెప్పేవాణ్ణి నేను. లేచి నడిచినవాడి గురించి ఎన్నో ప్రసంగాలు చేశాం. అయ్యలారా, మోసినవాళ్లు నలుగురు! ఈ ఇంట్లో ఒక్కతే మోస్తోంది.

"రేపు నువ్వు వెళ్లు. నేనుంటాను," అన్నాను.

"వీడా?" అన్నాడు బావ. "గంజి పోస్తా పోస్తా ప్రసంగం ఎత్తుకున్నాడంటే నా పని అయిపోయినట్టే."

ఆ సాయంత్రం అక్క నాకు అన్నీ నేర్పింది. గంజి చిక్కగా కాచాలి, గడ్డం కిందికి వంచి తాగించాలి, మింగాకే రెండో గుక్క. గడప దగ్గర ఆయన కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. నేను చెయ్యి పట్టి లాగబోతే తూలిపడబోయాడు. "లాగకురా! పడిపోతారు," అని అక్క తన పాదాన్ని ఆయన పాదం ముందు అడ్డంగా పెట్టింది. ఆయన దాన్ని దాటాడు. ఆ ఒక్క అడుగు పడ్డాక తక్కినవి వాటంతట అవే పడ్డాయి.

రాత్రి ఊరి రేవులోనే ఆగిన పడవ ఆదివారం పొద్దున్న వచ్చింది. అక్క తెల్లచీర కట్టుకుని ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. "మింగాకేరా రెండో గుక్క!" అని పడవలోంచి అరిచింది. లోపలివాళ్లు పాట అందుకున్నారు. మలుపు దాటేలోగా ఆ గొంతుల్లో ఒకటి నేను పోల్చుకున్నాను.

మధ్యాహ్నం గడప దగ్గర బావ ఆగిపోతే నా పాదం అడ్డంగా పెట్టాను. "గేదె గిట్టలా ఉంది," అన్నాడు, కానీ దాటాడు. గంజి తాగించడానికి నాకు ఒక పూట పట్టింది.

పొద్దు వాలే వేళకు ఇద్దరం అరుగు మీద కూర్చుని ఉండగా పడవ తిరిగొచ్చింది. అందులో అక్క లేదు. సరంగు గట్టెక్కి వచ్చి, "అమ్మగారు సాయంత్రం పాటలక్కూడా ఉండిపోయారండి. పొద్దున్న పడవకి వచ్చేత్తారంట. ఏవనుకోవద్దన్నారు," అని చెప్పి వెళ్లాడు.

బావ ముఖం కదల్లేదు.

"కోపమా బావా?"

"నవ్వుతున్నానురా," అన్నాడు. "మొహమ్మీదకి రాదు, అంతే."

చూపు మాత్రం కాలువ మలుపు మీదే ఉంది.

ఎన్నో ఊళ్లు తిరిగాను, ఎందరి చేతనో కన్నీళ్లు పెట్టించాను. ఆ సాయంత్రం నాకు ప్రసంగించాలనిపించలేదు. ఆమె ఏడాదిగా ఆ గుమ్మంలో నిలబడి ఆ పాట కోసం ఎదురుచూడడం, ఆయన ఇప్పుడు ఆ అరుగు మీంచి ఆమె కోసం ఎదురుచూడడం, రెండూ ఒకే ప్రేమ. రోగి కోసం మొరపెట్టేవాళ్లు చాలామంది. ఆ రోగిని కనిపెట్టుకుని ఉన్నవాళ్ల తలుపు తట్టేవాళ్లే కరువు.

ఇటువంటి ఇంటికి వెళ్లదలచినవారికి ఒక్క మాట. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఆ రోజులు తప్పించి వెళ్లండి. మీ బియ్యం మీరే పట్టుకెళ్లి, రెండు రోజులుండేలా వెళ్లండి. చేరగానే మోకరించకండి. ముందు ఆమెను పడవ ఎక్కించండి. దేవుడు ఆగుతాడు, పడవ ఆగదు.