కళ్లజోడు పెట్టుకున్న క్యాబేజీ

నా చిన్నప్పుడు ఒక చలికాలం మా ఇంట్లో పీటల బదులు క్యాబేజీల మీద కూర్చున్నాం. నవ్వకండి, చెప్పేది పూర్తిగా వినండి. రాయ్‌పూర్‌లో వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపు పక్కనే మా కాలనీ. మా నాన్న, బాబాయి ఇద్దరిదీ అందులోనే పని. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గోడకు గోడ ఆనుకున్న రెండు క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. ఆ గోడకు నోరుంటే ఆ అన్నదమ్ముల తిట్లన్నీ ఇప్పటికీ అప్పజెప్పేది.

ఆ ఏడు గొడవ తిట్లు దాటిపోయింది. బాబాయి తాగి డ్యూటీకి వచ్చాడని ఎవరో పైవాళ్లకు చెప్పారు. ఆయన్ని సస్పెండ్ చేశారు. చెప్పింది మా నాన్నేనని బాబాయి నమ్మకం. కాదని నాన్న నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసినా వినలేదు. ఒకరోజు నాన్న సైకిల్ దిగుతుంటే వెనక నుంచి తన్ని, కిందపడ్డ మనిషి వేలు విరిచేశాడు. నాన్న చేతికందిన ఇటుకతో ఆయన తల పగలగొట్టాడు. వాకిట్లో పడిన రక్తం మీద అమ్మ బూడిద చల్లి చీపురుతో రుద్దుతుంటే నేనే నీళ్లు పోశాను. ఈసారి ఇద్దరిలో ఒకరు చచ్చిపోతారని నాకు గట్టిగా అనిపించింది. మా పిన్నికీ అదే భయం. వాళ్లింట్లో కత్తిపీట తెచ్చి మా ఇంట్లో దాచిపెట్టింది. మా కత్తిపీటను అమ్మ అప్పటికే వాళ్లింట్లో దాచింది.

అలాంటి సమయంలో మా తాతయ్య, నాన్న వాళ్ల నాన్న, బజారుకు వెళ్లి బండెడు క్యాబేజీలు తెచ్చాడు. పంట విరగకాసి, కొనేవాడు లేక, రైతు వాటిని ఆవులకు పారబోయబోతుంటే ఈయన అడ్డుపడ్డాడట. ‘లే జా బబా, లే జా’, తీసుకుపో తాతా అంటూ ఆ రైతు సంతోషంగా బండిని మా వాకిటి దాకా తోలుకొచ్చాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది.

పొద్దున క్యాబేజీ కూర, మధ్యాహ్నం క్యాబేజీ పకోడీ, రాత్రి క్యాబేజీ పచ్చడి. అయినా గుట్ట తరగదే! కోడు విరిగిన మంచం కింద ఒకటి పెట్టాం. గాలికి తలుపు కొట్టుకోకుండా ఒకటి. తాతయ్య ఆకులు వేడిచేసి మోకాళ్లకు కట్టుకునేవాడు. మా చెల్లి ఒకదానికి గౌను తొడిగి ఒళ్లో వేసుకుని జోకొట్టేది. వచ్చినప్పుడల్లా ఒకటి అంటగడుతున్నామని పోస్ట్‌మన్ మా ఉత్తరాలు సందు మొదట్లో ఎవరికో ఇచ్చి పారిపోయేవాడు, పాపం.

ఆ ఆదివారం బాబాయి ఇనుప రాడ్డుతో వాకిట్లోకి వచ్చాడు. కుట్లు కనబడకుండా మంకీ క్యాప్ పెట్టుకున్నాడు. నాన్న గునపం అందుకున్నాడు. అడ్డం వెళ్లిన అమ్మను నాన్న తోసేస్తే గడప మీద పడి ఆవిడ మోచెయ్యి చీరుకుపోయింది. నేను గుమ్మాన్ని పట్టుకుని బిగుసుకుపోయాను.

తాతయ్య వాళ్లను పట్టుకోలేదు. స్టూలు తెచ్చి ఇద్దరి మధ్యా వేశాడు. దాని మీద క్యాబేజీ పెట్టాడు. బాబాయి తల మీది టోపీ లాగి దానికి తొడిగాడు.

“కొట్రా పెద్దోడా. నీకు తమ్ముడి తలకాయే కదా కావాల? ఇదిగో.”

నాన్న ఆ కోపంలో కొట్టేశాడు. క్యాబేజీ పగిలి ముక్కలు గోడకు కొట్టుకున్నాయి, నా చెంప మీదా పడ్డాయి. టోపీ చిరిగి కాలువలో పడింది. నాన్న పగిలిన క్యాబేజీని చూశాడు, తమ్ముడి బోడి తల మీది కుట్లను చూశాడు. గునపం కిందికి దించేశాడు.

“సూసినారా, సంపీసినాడు నన్ను” అన్నాడు బాబాయి.

తాతయ్య ఇంకో క్యాబేజీ పెట్టాడు. నాన్న ముఖం మీది కళ్లజోడు తీసి దానికి తగిలించాడు.

“ఇప్పుడు నీ వంతు. కానీ.”

బాబాయి రాడ్డు ఎత్తాడు. కళ్లజోడు లేకపోతే మా నాన్నకు ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడు. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియక గోడ తడుముకుంటూ నిలబడ్డాడు. బాబాయి ఆయన్నే చూస్తున్నాడు. ఎత్తిన రాడ్డు దిగలేదు.

“కళ్లజోడు తీసీ నాన్నా” అన్నాడు చివరికి. “అది పగిలిపోతే అన్నియ్య రేపు డూటీకి ఎలా ఎల్తాడు?”

“తలకాయ పగిలితే ఎల్లిపోతాడేట్రా?”

బాబాయి రాడ్డు పడేసి అక్కడే కూలబడి ఏడ్చాడు. తాతయ్య ఆ కళ్లజోడు పంచెతో తుడిచి బాబాయి చేతికే ఇచ్చాడు. ఆయనే లేచి వెళ్లి అన్న చెవులకు తగిలించాడు. ఇంకా కోపం మిగిలి ఉంటే వీటి మీద తీర్చుకోండని తాతయ్య క్యాబేజీల గుట్ట చూపించాడు. చీకటిపడేదాకా ఇద్దరూ మాట్లాడుకోకుండానే వాటిని చితకబాదారు. మర్నాడు కాలనీ ఆవులన్నీ మా వాకిట్లోనే ఉన్నాయి.

వాళ్లు మాట్లాడుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ మాట పైవాళ్లకు ఎవరు చెప్పారో ఎప్పటికీ తెలియలేదు. కానీ మళ్లీ ఒకరి మీద ఒకరు చెయ్యి మాత్రం ఎత్తలేదు. నాన్న పోయిననాడు ఆయన ముఖం మీది కళ్లజోడు తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నది బాబాయే.

నాదీ ఆ రక్తమే, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎదుటి మనిషి మీద చెయ్యి లేచినప్పుడల్లా, వీడు రేపు పొద్దున్నే లేచి ఏ పనికి వెళ్లాలి అని నన్ను నేనే అడుగుతాను. సమాధానం తట్టేలోపు చెయ్యి దిగిపోతుంది.