తొమ్మిదో చరణం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా పెద్దమ్మ పోయింది. అమ్మవారి పటం ముందు పీట మీద కూర్చుని, గోడకు ఒరిగి ఉంది. కునుకు పట్టిందేమో అనుకుని చాయ్ తెచ్చి భుజం తట్టాను. ఒళ్లు చల్లబడి ఉంది. ఏడుపు కన్నా ముందు నాకు భయం వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆమె పాట ఎనిమిది చరణాల దగ్గరే ఆగింది, మా ఆయనేమో మొదటి షిఫ్టుకు బొగ్గుబాయిలో దిగి ఉన్నాడు.

ఆ పాట సంగతి చెప్పాలి. అమ్మవారి మీద తొమ్మిది చరణాలు. పెద్దమ్మ వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకుంది, పుస్తకాల్లో నేనెక్కడా చూడలేదు. ఎనిమిది చరణాల్లో తల్లి కళ్లు, చేతులు, కాలిగజ్జెలు. తొమ్మిదోది మాత్రం మొక్కు: మావాణ్ణి ఇల్లు చేర్చినవు తల్లీ, నీకు దండం అని. బెల్లంపల్లిలో ఆమె మొగుడు, మా పెద్దబాపు, బాయి పనికి పోగానే ఎనిమిది పాడి ఆపేసేది. ఆయన తిరిగొచ్చి అన్నం క్యారియర్ గోడ మేకుకు తగిలించాకే తొమ్మిదోది. ఎందుకని అడిగితే, "రాకముందే వచ్చిండంటే అబద్ధం గాదా బిడ్డా? పాట సగంల ఉన్నదని అమ్మకు యాదికుండాలె" అనేది.

నేను చదువు కోసం వాళ్లింట్లోనే పెరిగాను. నాది ఊరుకునే నోరు కాదు. నాలుగో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం, పెద్దబాపు ఇంకా బాయి నుంచి రాకముందే, అరుగు మీద బొమ్మలను వరసగా కూర్చోబెట్టి, పంతులమ్మలా గొంతెత్తి తొమ్మిది చరణాలూ పాడేశాను. లోపల గంటె కింద పడ్డ చప్పుడు. పెద్దమ్మ గడపలోకి వచ్చి నా ముఖం చూసింది. కొట్టినా బాగుండేది. చెప్పులైనా వేసుకోకుండా బాయి గేటు దాకా ఉరికింది, వెనకే ఏడుస్తూ నేను.

ఆ రోజు లోపల ఎక్కడో కప్పు కూలిందని గేటు దగ్గర చెప్పారు. బాయన్నాక కప్పు కూలడం కొత్త కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నేనే కూల్చాననుకున్నాను. మనుషులు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు, అందరివీ ఒకే నల్లటి ముఖాలు. ఒక్కో ముఖం చూసి, కాదు, కాదు అనుకుంటూ నిలబడ్డాం. పెద్దబాపు అందరికన్నా వెనక వచ్చాడు. "గిక్కడికెందుకొచ్చిన్రు? పొయ్యి మీద కూర మాడుతలేదా?" అన్నాడు.

కూర మాడింది కూడా. ఇంటికొచ్చి తొమ్మిదోది పాడాక పెద్దమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుంది. "నీ తప్పేం లేదు బిడ్డా. పాట చెప్తె బాయి ఇంటదా? నాకు భయమైతది, గంతే. భయాన్ని ఉత్తగ కూసోపెడితే మనిషిని తింటది. దానికేదన్న పని చెప్పాలె." మర్నాడు పొద్దున మళ్లీ ఎనిమిదే పాడింది. నేనైతే ఆ తొమ్మిదోది చాలా ఏళ్ల దాకా నోట పలకలేదు.

పెద్దబాపు రిటైరైన చాలా ఏళ్లకు ఇంట్లోనే పోయాడు. "మంచం మీద పోయిండు బిడ్డా, ఇంకేం గావాలె" అంది, ఏడుస్తూనే. నాకూ బాయి మనిషే మొగుడయ్యాడు. పెద్దమ్మ మా ఇంటికొచ్చి, ఈసారి అల్లుడి కోసం పాట అందుకుంది. నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. భయపడే పని ఆమె చూసుకునేది, నాకు హాయిగా ఉండేది.

ఆ మంగళవారం చుట్టాలంతా చేరారు. బాయికి కబురు పంపారు గానీ మా ఆయనకు అందిందో లేదో తెలియలేదు. అందరూ శవం దగ్గర ఏడుస్తుంటే నేను ఇంటి గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. మూడు దాటాక ఆయన బొగ్గు ముఖంతోనే వచ్చాడు. చేతి అలవాటు కొద్దీ క్యారియర్ మేకుకు తగిలించి, పెద్దమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

నేను నోరు తెరిచాను. మా మేనత్త గబుక్కున చెయ్యి పట్టుకుంది. "పీనుగున్న ఇంట్ల అమ్మవారి పాటేందే? మైల గాదా?"

"జర ఆగు అత్తా, ఆమె పని మిగిలున్నది" అని చెయ్యి విడిపించుకుని, పెద్దమ్మ చెవి దగ్గరికి వంగి తొమ్మిదోది పాడాను. రాగం తప్పింది. మాట ఒక్కటీ తప్పలేదు.

ఇప్పుడు ఆ పీట మీద నేను కూర్చుంటున్నాను. ఇవాళ పొద్దున ఎనిమిదీ పాడాను. ఆమె గురించి నాలుగు ముక్కలు రాద్దామని మధ్యాహ్నం కాగితం తీశాను, ఇదీ భయానికి పని చెప్పడమే. ఆయన మొదటి షిఫ్టు నుంచి మూడు దాటగానే వచ్చేస్తాడు, ఇప్పుడు మూడున్నర దాటింది. మేకు ఇంకా ఖాళీగానే ఉంది.